రాజ్యమెందులకు? గ్రీకుల ప్రశ్నయు, మన కరువుసీమయు

అనంతపురమునుండి కదిరికి పోవు బాటలో, ధర్మవరమునకు చేరువగా, బత్తలపల్లె యను గ్రామము గలదు. 2022వ సంవత్సరము ఏప్రిలు నెలవరకు అది అనంతపురము జిల్లాలోనిది. పిమ్మట శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. జిల్లా పేరు మారినదిగాని ఆకాశము మారలేదు. రెండు ఋతుపవనములును అలసి సొలసి చేరు ఈ మెట్టనేలపై ఏడాదికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు వేరుసెనగ ఊడ దిగు దినములలో ఒకమారు మొగము చాటువేసెనా, ఆ యేటి పంట పోయినట్లే. ఇట్టి చోట నిలిచి, రాజ్యమెందులకని యడుగుట వట్టి పుస్తకప్రశ్న కాదు. చెరువు నిండిన యేట ఆ ప్రశ్న ఎవరికిని తోచదు. ఎండిన యేట తోచని యిల్లు లేదు.

ఈ ప్రశ్నను సూటిగా నడిగి, తర్కముచేత సమాధానము వెదకినవారిలో ప్రాచీన గ్రీకులు ముఖ్యులు. వారి గ్రంథములను మనవారు కళాశాలలలో ఆంగ్లము మూలమున చదువుచుందురు. చదువునప్పుడు పాలరాతి కంబములును, సభామంటపములును కన్నులకు గట్టునేగాని, ఆ దేశము నీటికి కటకటపడిన దేశమను సంగతి స్ఫురింపదు. ఏథెన్సు నగరమున ఏడాది వాన సుమారు 400 మిల్లీమీటర్లు మాత్రమే. అనగా మన అనంతపురముకంటెను తక్కువ. అది చలికాలమున కురియుటచేతను, ఎండ మనకున్నంత తీక్ష్ణము కాకపోవుటచేతను వారికి కొంత మేలు. అయినను వేసవిలో వాగులెండి, బావియే దిక్కైన బ్రతుకు వారిది. వారి రాజ్యతత్త్వము బావిగట్టుననే పుట్టినదనుట అతిశయోక్తి యగును. దానిని బావిగట్టున నిలిపి పరీక్షించుట మాత్రము అన్యాయము కాదు.

ప్లేటో (క్రీ. పూ. 427–347) రచించిన 'రిపబ్లికు' అను సంవాదములో త్రాసీమాకసు అను వాది యొకడు మృగమువలె సభలోనికి దుమికి, న్యాయమనగా బలవంతుని లాభమేకాని మరేమియు కాదని వాదించును. ఏలువారు తమకు లాభించు చట్టములను చేసికొని, వానిని పాటించుటకే న్యాయమని పేరు పెట్టుదురని వాని మతము. సోక్రటీసు వైద్యుని యుపమానము తెచ్చును. వైద్యుడు వైద్యుడుగా నున్నంతవరకు రోగి మేలునే చూచును. ఏలికయు నట్లే ఏలబడువారి మేలును చూడవలెను. త్రాసీమాకసు దీనికి నవ్వి, గొర్రెల కాపరి మందను మేపుట మంద కొరకా, తనకును యజమానునకును దక్కు లాభము కొరకా యని యెదురు ప్రశ్న వేయును. గొర్రెలమందలు దినమును కంటబడు మన సీమలో ఈ ప్రశ్నకు వ్యాఖ్యానము అక్కరలేదు. వాదమున సోక్రటీసే గెలిచెను. లోకమున మాత్రము త్రాసీమాకసే పలుమారులు గెలిచెనని చరిత్ర చదివినవారికి తోచకమానదు.

పిమ్మట సోక్రటీసు మాటలతోనే యొక నగరమును పునాదినుండి కట్టి చూపును. ఏ మనుష్యుడును తనకు తాను చాలడు కనుక నగరము పుట్టినదని యాతని మూలసూత్రము. తిండికి రైతు, నీడకు ఇల్లు కట్టువాడు, బట్టకు నేతగాడు, కాలికి చెప్పులు కుట్టువాడు, ఇట్లు నలుగురైదుగురితో ఆ నగరము మొదలగును. బత్తలపల్లెకు ఈ చిత్రము క్రొత్తది కాదు: చుట్టును మెట్టసేద్యము, పొరుగుననే ధర్మవరమున పట్టుమగ్గములు. అయితే ప్లేటో నగరమున చెప్పులు కుట్టువాడు స్థాపకులలో నొకడు. మన పల్లెలలో వాని వాడను ఊరి వెలుపల నిలిపిరి. ఈ భేదమును చదువరులు మనస్సున నుంచుకొనవలెను, దీనితో ముందు పని యున్నది. ఆ తొలినగరపు జనులు రొట్టెలు తిని, ఆకులపై పరుండి, పాటలు పాడుకొని తృప్తిపడుదురని సోక్రటీసు చెప్పగా, గ్లాకోను అది పందులకు తగిన నగరమని యీసడించును. అటుపై ఆ నగరము భోగములను, సేనలను, తత్త్వవేత్తలైన రాజులను సంతరించుకొనుచు పోవును. ఆ భాగము ప్రసిద్ధమైనది. మనకిప్పుడు దానితో నిమిత్తము లేదు.

ప్లేటో శిష్యుడైన అరిస్టాటిల్ (క్రీ. పూ. 384–322) గురువుగారి తొలినగరమును ఒప్పుకొనలేదు. నగరము కేవలము అక్కరలు తీర్చుకొనుటకే యేర్పడినట్లు గురువు చెప్పుట సరికాదనియు, మేలైన దానికొరకు ఏర్పడినదన్న మాట మరువరాదనియు ఆయన 'పాలిటిక్సు' నాలుగవ భాగమున ఆక్షేపించెను. ఆ గ్రంథము ఆరంభముననే ఆయన సిద్ధాంతము కలదు. రాజ్యము పుట్టినది బ్రతుకుట కొరకు. నిలిచియుండుట మంచిగా బ్రతుకుట కొరకు. ఈ రెండు ముక్కలలో మొదటిది పుట్టుకను, రెండవది ప్రయోజనమును చెప్పుచున్నవి. ప్రాణము నిలిపినంత మాత్రమున రాజ్యము తన పని ముగించినట్లు కాదు. ప్రాణము నిలుపనిచో మొదటి మెట్టే యెక్కలేదు గనుక రెండవదానిని గూర్చి పలుక నర్హత లేదు.

ఇందులకు ప్రతిపక్షమును ఆయనయే యెత్తి చూపెను. లైకోఫ్రాను అను పండితుడొకడు చట్టమనగా ఒకరి స్వత్వమును మరియొకరు హరింపకుండ పూచీపడు ఒడంబడిక మాత్రమే యనెను. అట్లయినచో రాజ్యమునకును, సరకులు మార్చుకొను రెండు దేశముల సంధిపత్రమునకును భేదమేమని అరిస్టాటిల్ ప్రశ్న. ఒకరి నొకరు కొట్టుకొనకుండుట, క్రయవిక్రయములు సాగుట అవసరములే. అవి యన్నియు నున్నను రాజ్యమున్నదని చెప్పజాలము. జనులు మంచివారగుటయు, మంచి బ్రతుకు బ్రతుకుటయు తన పని యని యెంచినదే రాజ్యము. మన మహాభారతమున శాంతిపర్వము రాజోత్పత్తిని చెప్పునప్పుడు, రాజు లేనిచో పెద్దచేప చిన్నచేపను మ్రింగినట్లు బలవంతులు దుర్బలులను మ్రింగుదురను మత్స్యన్యాయమును చూపినది. ఇది లైకోఫ్రాను మతమునకు దగ్గర. అయితే మనవారు అక్కడనే ఆగలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రము క్రొత్తగా చెరువులు, కట్టలు కట్టినవారికి ఐదేండ్లు పన్ను మినహాయింపవలెనని శాసించినది. చేపలు మ్రింగుకొనకుండ కాపాడుటకు పైన, వానికి నీరుండవలెనన్న తెలివి ఇందున్నది.

గ్రీకుల తత్త్వము నీటివద్ద ఎట్లు నడచినదో చూతము. ఏథెన్సునకు క్రీ. పూ. 594లో ధర్మశాసనములు చేసిన సోలోను నీటిని గూర్చి యొక నియమము పెట్టెనని ప్లూటార్కు వ్రాసియున్నాడు. ఆ దేశమున జీవనదులును, పెద్ద ఊటలును లేవు, జనులు తవ్విన బావులపై ఆధారపడిరి. కావున నాలుగు స్టేడియముల దూరములో, అనగా సుమారు ముప్పాతిక కిలోమీటరులో, ఊరుమ్మడి బావియున్నచో దానినే వాడుకొనవలెను. అంతకంటె దూరమైనచో ఎవరి నేలలో వారు త్రవ్వుకొనవలెను. పది బారల లోతు త్రవ్వినను నీరు పడనిచో, పొరుగువాని బావినుండి ఆరు 'ఖోయి'ల కడవతో దినమునకు రెండుమారులు నీరు తెచ్చుకొనుటకు హక్కు కలదు. మన కొలతలో ఆ కడవ సుమారు ఇరువది లీటర్లు. లేమిని ఆదుకొనవలెనే కాని సోమరితనమును పోషింపరాదని సోలోను అభిప్రాయమట.

ఈ చిన్న నియమమున రాజ్యతత్త్వమంతయు నిమిడియున్నట్లు నాకు తోచును. మొదట ఊరుమ్మడి సొత్తు, తరువాత సొంతశ్రమ, ఆ రెండును విఫలమైనప్పుడు పొరుగువాని సొత్తులో భాగము. ఆ మూడవది దయాధర్మము కాదు. కడవ పట్టుకొని పొరుగింటి వాకిట నిలిచిన యిల్లాలు యాచకురాలు కాదు, చట్టము ఆమె వెనుక నిలిచియున్నది. బావి యజమాని ముఖము చిట్లించుకొనవచ్చును గాని త్రోసిపుచ్చుటకు వీలులేదు. కొలత యుండుటచేత అతనికిని రక్షయే: రెండు కడవలకు మించి మూడవదానికి అడుగుటకు ఆమెకు అధికారము లేదు.

ప్లేటో తన ముసలితనమున వ్రాసిన 'ధర్మశాసనములు' అను గ్రంథమున ఈ నియమమునే పెంచి వ్రాసెను. క్రీటు ద్వీపమున ముగ్గురు వృద్ధులు ఎండలో కొండబాట నడచుచు, 5,040 కుటుంబములు గల యొక క్రొత్త రాజ్యమునకు చట్టములు కల్పించుచుందురు. నీరులేని చోట నున్నవాడు తన నేలలో బంకమన్ను పొర తగులువరకు త్రవ్వవలెను. అక్కడికిని నీరు పడనిచో పొరుగువారివద్ద ఇంటిలోని వారి త్రాగుటకు కావలసినంత తీసికొనవచ్చును. పొరుగువారికే కొరతగా నున్నచో గ్రామసీమలను చూచు అధికారులు పాలు నిర్ణయింతురు. ఎగువ పొలమువాడు వాననీటిని ఇష్టము వచ్చినట్లు విడిచి దిగువవానిని ముంచరాదు. దిగువవాడు దారి మూసి ఎగువవానిని ముంచరాదు. నీటిని దొంగిలించినవాడు నష్టము నియ్యవలెను, ఊటను చెరిపినవాడు నష్టము నిచ్చుటయే కాక ఆ ఊటను శుద్ధిచేసి యీయవలెను. వీనినన్నిటిని మించినది మరియొకటి. కొండలపై కురిసిన వాన నేలను కోసికొని పోకుండ, లోయల నోళ్లకు కట్టలు కట్టి, త్రవ్వకములు త్రవ్వి, నేల ఆ నీటిని త్రాగునట్లు చేసి, దిగువ చేలకు ఊటలు పుట్టించి, మిక్కిలి యెండిన చోట్లను సైతము జలసమృద్ధములను గావించుట ఆ సీమాధికారుల విధులలో నొకటి. ఇది మన పల్లెలలో ఊటకుంట యను పేర పిలువబడునదే. రూపములను గూర్చియు, ఆత్మను గూర్చియు వ్రాసిన చేతియే ఊటకుంటను గూర్చియు వ్రాసినదని మన తత్త్వశాస్త్ర పాఠములలో ఏల చెప్పరో తెలియదు.

అరిస్టాటిలును ఈ విషయమున వెనుదీయలేదు. గాలియు నీరును మనము నిత్యము విశేషముగా వాడుకొనునవి గనుక ఆరోగ్యమునకు అవియే మూలమనియు, ఊటలు చాలనిచో వాననీటికి పెద్ద తొట్లు కట్టవలెననియు, నీరంతయు ఒక్కతీరుగా మంచిది కానిచో త్రాగునీటిని తక్కిన నీటినుండి వేరుపరచవలెననియు ఉత్తమరాజ్య లక్షణములలో చెప్పెను. ఆయన పేర వెలసిన 'ఏథెన్సువారి రాజ్యాంగము' అను గ్రంథము పలు శతాబ్దములు కానరాక, ఈజిప్టు ఇసుకలలో దొరకిన పాపిరసు చుట్టలనుండి 1891లో లండనున అచ్చుపడినది. దానినిబట్టి ఒక వింత తెలియుచున్నది. ఏథెన్సువారు పరిపాలనోద్యోగులను చాలవరకు చీట్లు వేసి యెన్నుకొనెడివారు. ఎవరి పేరు వచ్చిన వారే అధికారి. కాని సైనికనిధిని చూచువారిని, ఉత్సవనిధిని చూచువారిని, ఊటల పర్యవేక్షకుని మాత్రము చేతులెత్తి యోగ్యత చూచి యెన్నుకొనిరి. నీటిని అదృష్టమునకు విడువలేదన్నమాట. పారశీకులను సలామీసువద్ద ఓడించిన థెమిస్టొక్లీసు అంతకుముందు ఈ నీటి యధికారమునే వహించి, నీటిదొంగల జరిమానాలతో కడవ మోయు బాలిక కంచుబొమ్మను పోతపోయించెను. తరువాత దేశభ్రష్టుడై సార్డిసు నగరమునకు పోయినప్పుడు, కొల్లసొమ్ముగా అక్కడి దేవళమున నున్న ఆ బొమ్మను చూచి, దానిని ఏథెన్సునకు తిరిగి పంపుమని అక్కడి పాలకుని యడిగి చిక్కులలో పడెనట. అంతటి సేనాపతికి మనస్సు తగులుకొన్నది ఆ కడవపిల్లమీద!

మన సీమలో ఇందులకు సాటియగు చరిత్ర లేకపోలేదు. కడపసీమలోని పోరుమామిళ్ల చెరువుశాసనము క్రీ. శ. 1369 నాటిది. విజయనగరపు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడను మారుపేరు గలవాడు, ఆ చెరువును కట్టించెను. రెండేండ్లపాటు దినమునకు వేయిమంది కూలీలు, రాళ్లకు నూరు బండ్లు పనిచేసినవని శాసనము చెప్పుచున్నది. అంతకంటె విలువైనది, మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, ఆరు దోషములను అది లెక్కించుట. అంగములలో మొదటిది ధర్మపరుడును, సంపన్నుడును, కీర్తికాముడును అగు రాజు. రెండవది జలశాస్త్రమెరిగిన విద్వాంసుడు. గట్టి బంకనేల, మంచినీటి యేరు, కట్టకు ఒరయు కొండలు, నేర్పరులైన పనివారు మున్నగునవి పిమ్మట వచ్చును. దోషములలో కట్ట ఊరుట, చౌడునేల, నడుమ మిట్ట యుండుట మున్నగువానితోబాటు రెండు రాజ్యముల పొలిమేరపై చెరువుండుటయు నొకటి. కట్టలోని చెమ్మను, సరిహద్దులోని తగవును ఒకే జాబితాలో చేర్చిన ఆ శాసనకర్త ఇంజనీరును, రాజనీతిజ్ఞుడును అయియుండవలెను. ఏలినవాని ధర్మమునే చెరువు అంగములలో మొదటిదిగా నెంచుటలో అరిస్టాటిల్ వాక్యపు ఛాయ కలదు: రాజ్యము లేక చెరువు లేదు, చెరువు లేక రాజ్యమునకు పని లేదు.

కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద నాలుగవ యాశ్వాసమున రాజనీతి చెప్పుచు, నేల కొంచెమైనను కుంటలు కాలువలు త్రవ్వించి, పేదరైతునకు పన్నును పాలును తగ్గించి యిచ్చినచో అర్థమును ధర్మమును రెండును పెరుగునని యుపదేశించెను. చెరువు సప్తసంతానములలో నొకటి యను నమ్మకము పెద్దలచే వేలకొలది చెరువులు కట్టించినది. కట్టను కాపాడువారికి దశబంధపు మాన్యములు, నీరు పంచువానికి నీరుగంటి మాన్యము ఏర్పడియుండెను. ఇది గొప్ప ఏర్పాటే. అయితే గ్రీకుల నియమముతో పోల్చినప్పుడొక లోపము కానవచ్చును. ఇక్కడ చెరువు దాత పుణ్యము. అక్కడ నీరు త్రాగువాని హక్కు. దాత కీర్తికొరకు కట్టిన చెరువు గండిపడినప్పుడు ఎవరిని అడుగవలెను? బుక్కరాయసముద్రపు చెరువు తెగబోగా, దైవాజ్ఞ యని యెంచి, బసిరెడ్డి కోడలు ముసలమ్మ గండికి ప్రాణమిచ్చినదని అనంతపుర చరిత్ర చెప్పుచున్నది. బ్రౌను దొర సేకరించి ప్రకటించిన ఆ కథను కట్టమంచి రామలింగారెడ్డి గారు 1900 ప్రాంతమున 'ముసలమ్మ మరణము' అను కావ్యముగా రచించిరి. ఆమె త్యాగమునకు నమస్కరింపని తెలుగువాడుండడు. కాని కట్టను ఏటేట మరమ్మతు చేయవలసిన వ్యవస్థ ఆ కథలో నెక్కడను కానరాదు. ఆపదవేళ అందరి చూపులును ఒక కోడలిపై నిలిచినవి. మంచి బ్రతుకు కొరకు ఉన్న రాజ్యము ఇట్టి త్యాగమును కొనియాడుటకు ముందు, అది యేల కావలసివచ్చెనో విచారింపవలెను.

1800లో నిజాము ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి దత్తము చేసెను. అనంతపురమున కాపురముండి ఏడేండ్లు పరిపాలించిన థామస్ మన్రో రైతువారీ పద్ధతిని నెలకొల్పెను. 1807లో కొలువు విడుచునప్పుడు ఆయన శిస్తును నాలుగవవంతు తగ్గింపవలెననియు, సొంత ఖర్చుతో బాగుచేసికొను బావులు, చిన్న చెరువుల క్రింది నేలలకు మూడవవంతు తగ్గింపవలెననియు వ్రాసెను. కంపెనీవారు అప్పటికి చెవినిడక సీమను గుత్తలకిచ్చిరి. 1820లో మన్రోయే గవర్నరుగా వచ్చిన పిమ్మట గాని ఆ తగ్గింపు రాలేదు. త్రాసీమాకసు కాపరి మాట ఈ నడిమి యేండ్లకు సరిపోవును.

దానికంటె భయంకరమైన పరీక్ష ధాత కరువు. 1876లో వానలు తప్పినవి. 1878 వరకు మదరాసు రాజధానిలో లక్షలాది జనులు మరణించిరి. అప్పటికి బత్తలపల్లె ప్రాంతము బళ్లారి జిల్లాలోనిది. అనంతపురము జిల్లా 1882లో గాని యేర్పడలేదు. 1877 జనవరి 1వ తేదీన ఢిల్లీలో విక్టోరియా రాణిని చక్రవర్తినిగా చాటు దర్బారు జరిగినది. ఆ నెలలోనే రాజప్రతినిధి లిట్టను, కరువు ఖర్చు తగ్గించుటకై సర్ రిచర్డ్ టెంపులును దక్షిణమునకు పంపెను. దినమంతయు రాళ్లు కొట్టు మగవానికి ఒక పౌను ధాన్యమును, కొలది చిల్లరయు చాలునని టెంపులు నిర్ణయించెను. పౌను అనగా సుమారు 450 గ్రాములు. మదరాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిషు ఇది ప్రాణము నిలుపుటకు చాలదని గట్టిగా వాదించెను. కొన్ని నెలల పిమ్మట గాని ఆ కూలి పెంచబడలేదు. ధాన్యపు వర్తకమున సర్కారు జోక్యము చేసికొనరాదను సూత్రమును మాత్రము ప్రభువులు విడువలేదు. లైకోఫ్రాను చెప్పిన రాజ్యము ఇదియే: ఒడంబడికలు నిలుచును, క్రయవిక్రయములు సాగును, రైలుబండ్లు నడచును, జనులు చత్తురు. సోమరితనమును పోషింపరాదన్న మాట సోలోనును పలికెను, టెంపులును పలికెను. కాని సోలోను మొదట ఇంటి యవసరమును కొలిచి కడవను నిర్ణయించెను. టెంపులు మొదట బొక్కసమును కొలిచి పిడికెడు నిర్ణయించెను. 1880 నాటి కరువు విచారణ సంఘము పిమ్మట, 1883లో కరువు నిబంధనలు ఏర్పడినవి. కరువునాడు ప్రాణము నిలుపుట సర్కారు విధి యని కాగితముపై నెక్కుటకు అన్ని ప్రాణములు పోవలసివచ్చినది.

ఇంతవరకు గ్రీకులను పొగడితిమి. ఇప్పుడు వారిని నిలదీయవలసిన మాట యొకటి కలదు. మంచి బ్రతుకనగా ఎవరి బ్రతుకు? అరిస్టాటిల్ కొందరు పుట్టుకతోనే బానిసలని వాదించెను. స్త్రీకి విచారణశక్తి యున్నను దానికి అధికారము లేదనెను. ఉత్తమరాజ్యమున చేతిపనివారికి పౌరత్వమీయరాదనెను. అనగా ప్లేటో తొలినగరమును స్థాపించిన నేతగాడును, చెప్పులు కుట్టువాడును, రైతు సైతము, మంచి బ్రతుకు వచ్చువేళకు వాకిటనే నిలిచిపోయిరి. వారి శ్రమపైన కొందరు తీరికగా కూర్చుండి సద్గుణమును గూర్చి చర్చించిరి. ప్లేటో స్త్రీలకు పాలకులగు నర్హత కలదని 'రిపబ్లికు'లో చెప్పి కొంత మెరుగనిపించుకొనెను గాని, ఆ మాటను ఏథెన్సు చెవినిడలేదు. మన తప్పు వారి తప్పుకంటె చిన్నది కాదు. సోలోను నియమమున కడవతో వచ్చినవాడు కడవ ముంచుకొని పోవును. మన పల్లెలలో కొందరు బావిగట్టు తాకరాదు. దూరముగ నిలిచి, ఎవరైన పోయుదురా యని వేచియుండవలెను. చెరువు త్రవ్విన చేతులకే చెరువు నిషిద్ధమైనది. 1927 మార్చి 20వ తేదీన మహాడులో డాక్టరు అంబేడ్కరు వేలమందితో చౌదారు చెరువునకు నడచి దోసెడు నీరు త్రాగినప్పుడు, అది దాహము తీర్చుకొనుట కాదు. రాజ్యమెవరి కొరకని యడుగుట. 1950 జనవరి 26 నుండి అమలైన మన రాజ్యాంగము పదునైదవ యధికరణమున బావులు, చెరువులు, స్నానఘట్టములు ఎవరికిని మూయరాదని పేరు పెట్టి చెప్పినది. పౌరసమానత్వమును చెప్పు అధికరణమున బావి, చెరువు అను మాటలు రావలసిన దేశము మనది. అరిస్టాటిల్ లెక్కలో వదలిన జనులను ఆ రెండు మాటలు లోనికి తెచ్చినవి.

2006 ఫిబ్రవరి 2వ తేదీన, బత్తలపల్లెకు దూరము కాని నార్పల మండలములోని బండ్లపల్లెలో, ప్రధానమంత్రి మన్మోహన్ సింగు గ్రామీణ ఉపాధి హామీ పథకమును ఆరంభించెను. 2005లో చేసిన ఆ చట్టము పల్లెటూరి ప్రతి కుటుంబమునకు, అడిగినచో, ఏడాదికి నూరు దినముల పని హక్కుగా నిచ్చినది. టెంపులు పనిదొడ్లకును దీనికిని పైచూపునకు పోలిక కలదు, ఉభయత్రా మన్ను మోయుటయే. భేదము సోలోను కడవలో నున్నట్టిదే: అడుగువాడు యాచకుడు కాదు. త్రవ్విన పనులలో ఊటకుంటలు, చెరువుల పూడికతీత, కొండవాలులలో కందకములు పెక్కు. ప్లేటో సీమాధికారులు వచ్చి చూచిన తమ జాబితాయే యనుకొందురు. ఇంకొకవైపున 2002లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ నీటికిని, నేలకును, చెట్లకును రక్షణ కల్పించుచు చట్టము చేసి, త్రాగునీటి బావులకు సమీపమున ఇష్టానుసారము బోరుబావులు వేయరాదనినది. కాని ప్లేటో త్రవ్వకమునకు బంకమన్ను పొరను హద్దుగా పెట్టగా, మన సీమలో బోరు నల్లరాతిని చీల్చుకొని వందల అడుగులు దిగినది. ఒకని బోరు లోతుపడిన కొలది పొరుగువాని బావి యెండినది. అప్పులు చేసి మరల మరల బోర్లు వేయించి చెడిపోయిన సంసారములు ఈ మండలములలో ఎన్నో. మత్స్యన్యాయము చెరువులో చేపలకు తప్పి, నేలక్రింది నీటికి పట్టినది.

ఉపాధిపనులలో మోసము జరుగలేదని యెవరును చెప్పజాలరు. పనికి రానివారి పేర్లు హాజరుపట్టీ కెక్కుట, కూలి నడుమ కరగిపోవుట కలవు. అందులకు ఆంధ్రదేశము ముందుగా కట్టుదిట్టముగా నెలకొల్పిన మందు సామాజిక తనిఖీ. ఏథెన్సున పదవి దిగిన ప్రతి యధికారియు 'యూథినా' యను విచారణకు నిలిచి లెక్క చెప్పవలసియుండెను. ఏ పౌరుడైనను లేచి ఫిర్యాదు చేయవచ్చును. తెలియని జనులు తెలిసిన యధికారులను ఎట్లు తనిఖీ చేయగలరని ఆనాడే కొందరు ఆక్షేపించిరి. అరిస్టాటిల్ దానికి, ఇంటి గుణము కట్టినవానికంటె కాపురమున్నవానికి, విందు రుచి వండినవానికంటె తిన్నవానికి బాగుగ తెలియునని సమాధానమిచ్చెను. గ్రామసభలో హాజరుపట్టీ చదువుచుండగా, తన పేరు పిలువబడినప్పుడు, ఆ దినములలో నేను ఊరిలోనే లేనని లేచి చెప్పు కూలివనితకు ఆ గ్రంథము పేరు తెలియదు. పట్టీ చదువువాడు ఆమె మాటను ప్రక్కన వ్రాసికొని తరువాతి పేరు పిలుచును.